కాలువ చివరి చేను లెక్క

కొల్లేరు గురించి పోయిన నెల రాసిన రెండు పేజీలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. ‘మీరు చెప్పేది ఎకనామిక్స్ కదా మేడమ్, చేపలూ చెరువులూ అడవులూ మీకెందుకు?’ అన్నమాట సగానికి పైగా ఉత్తరాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో పాఠం చెప్పాను, అందులో ఎక్కువ కాలం నా పరిశోధన అంతా మన డెల్టా నీళ్ల చుట్టూ, చేపల చుట్టూ, మడ అడవుల చుట్టూనే తిరిగింది, కాబట్టి అడగడం న్యాయమే. అన్నిటికీ చోటు చాలదు, ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. వాటిని కుదించాను గానీ అర్థం మార్చలేదు. పేర్లు వెయ్యొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యలేదు.

ప్రశ్న: నేను బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. పర్యావరణం మీద పరిశోధన చెయ్యాలని ఉంది. మా కాలేజీలో అడిగితే ‘అది సైన్సు వాళ్ల పని’ అన్నారు. మనకి అందులో ఏం పని ఉంటుంది? మీరెలా వచ్చారు ఇందులోకి? — డిగ్రీ విద్యార్థిని, రాజోలు

అమ్మా, నీళ్లలో ఉప్పు ఎంత ఉందో కొలిచి చెప్పడం సైన్సు వాళ్ల పని, నిజమే. ఆ ఉప్పు ఎవరి చేలోకి వచ్చింది, ఎవరికి లాభం వచ్చే పని వల్ల వచ్చింది, ఆపాలంటే ఎంతవుతుంది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలి, అలా రావాలంటే ఏ నియమం పెట్టాలి, పెట్టిన నియమాన్ని జనం ఎందుకు పాటిస్తారు లేదా ఎందుకు తప్పించుకుంటారు, ఇవన్నీ మన పని. ఇందులో ఒక్కటి కూడా ప్రయోగశాలలో తేలేది కాదు.

నేనెలా వచ్చానంటే, మా ఊరు కాలువకి చిట్టచివర ఉంది. నువ్వు రాజోలు అమ్మాయివి కాబట్టి శివారు అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారని, కాటన్ దొర వల్ల కరువు నేల అన్నపూర్ణ అయిందని, సుమారు 10 లక్షల ఎకరాలు పారుతుందని స్కూల్లో చదువుకున్నాం, అదంతా నిజం. ఆ పది లక్షల్లో మా నాన్నవి నాలుగెకరాలు. వానాకాలం పంట సార్వాకి ఫర్వాలేదు, వానలుంటాయి, పైగా మాకు నీళ్లు ఎక్కువై మురుగు దిగక ఏడ్చేవాళ్లం. రెండో పంట దాళ్వాకి మాత్రం నీటి వంతులు. మా వంతు వచ్చిన రాత్రి నాన్న లాంతరు పట్టుకుని బోదె (చేలకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) గట్టు మీద కూర్చునేవాడు, నేను అన్నం క్యారేజీ తీసుకెళ్లి అక్కడే ఉండిపోయేదాన్ని. నాన్న ఒక సరుగుడు కర్రకి కొడవలితో గాట్లు పెట్టి బోదెలో పాతేవాడు. నీళ్లు ఒక గాటు దిగాయంటే పైన ఎవరో అడ్డు వేశారని అర్థం. ఆ లెక్క చూసుకుని, లేచి, కిలోమీటరో రెండో నడిచి వెళ్లి, వాళ్లని బతిమాలో పోట్లాడో అడ్డు తీయించి వచ్చేవాడు. పైవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మా పెళ్లిళ్లకి వచ్చేవాళ్లే. వాళ్ల చేలో నీళ్లు నిలబడితే కలుపు తగ్గుతుంది, కూలి ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలిన కూలి వాళ్ల పద్దులో కనిపిస్తుంది, మా చేలో ఎండిన పంట వాళ్ల పద్దులో కనిపించదు.

ఒకరు చేసిన పనికి ఖర్చు ఇంకొకరి మీద పడి, ఆ పడినట్టు ఎక్కడా రాసి ఉండకపోవడాన్ని ఆర్థర్ పిగూ అనే ఆయన 1920లోనే వివరంగా రాశాడని వాల్తేరులో ఎమ్మేలో చదివినప్పుడు, నాకు ఇంగ్లండు ఫ్యాక్టరీ పొగ కాదు, మా బోదె కనిపించింది. తర్వాత గారెట్ హార్డిన్ 1968 వ్యాసం చదివాను. అందరిదీ అయినది చివరికి నాశనమవుతుంది, ప్రభుత్వమో ప్రైవేటో చేజిక్కించుకోవాల్సిందే అన్నట్టు ఉంటుంది అది. నమ్మేశాను కూడా. దాన్నించి బయటపడేసింది రాబర్ట్ వేడ్ అనే ఆయన రాయలసీమ కాలువల కింద గ్రామాల్లో తిరిగి 1988లో వేసిన పుస్తకం. కాలువ చివర ఉండి, నీళ్లు వస్తాయో రావో తెలియని ఊళ్లే కలిసికట్టుగా నీరు పెట్టే మనుషుల్ని జీతానికి పెట్టుకుని, ఊరుమ్మడి నిధి పెట్టుకుని నడుపుకున్నాయని, పైన నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లకి ఆ అవసరం కలగలేదని ఆయన చూపించాడు. మన తెలుగు ఊళ్ల నుంచి వెళ్లిన ఈ సంగతిని ఎలినార్ ఆస్ట్రోమ్ తన 1990 పుస్తకంలో వాడుకుంది. 2009లో ఆవిడకి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. చదివింది రాజనీతి శాస్త్రం! ‘అది ఫలానా వాళ్ల పని’ అని గీత గీసేవాళ్లకి నేను ఎప్పుడూ ఆవిడ పేరే చెబుతాను.

ఇక నువ్వేం చెయ్యాలి. లెక్కలంటే భయపడకు, ఇది మొదటిమాట. ఎమ్మేలో ఎకనామెట్రిక్స్ (డేటాతో ఆర్థిక ప్రశ్నలు తేల్చే గణాంక పద్ధతులు) వదిలించుకునే పేపరుగా చదివితే తర్వాత పదేళ్లు బాధపడతావు. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పర్యావరణ అర్థశాస్త్రానికే విడిగా ఎమ్మే ఉంది. తర్వాత పరిశోధనకి ఢిల్లీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్, బెంగళూరులో ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్), హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) లాంటివి చూడు. ఖాట్మండు కేంద్రంగా 1999లో మొదలైన శాండీ అనే దక్షిణాసియా నెట్‌వర్క్ చిన్న ఊళ్ల కాలేజీల్లో పనిచేసే వాళ్లకి కూడా శిక్షణ ఇచ్చి, గ్రాంట్లు ఇచ్చి పైకి తెచ్చింది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ వేసవిలోనే మొదలుపెట్టు. అంతకంటే ముందు ఒక పని. వచ్చే దాళ్వాకి మీ ఊరి బోదె ఒకటి ఎంచుకుని, తల నుంచి చివరి దాకా నడిచి, ఏ చేనుకి ఏ రోజు నీళ్లు అందాయో నోట్‌బుక్‌లో రాయి. నాలుగు నెలలు. ఎవరూ మార్కులు వెయ్యరు. అయినా రాయి.

ప్రశ్న: మా చుట్టూ చేలన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయండి. మధ్యలో నా రెండెకరాల వరి మిగిలింది. ఊట దిగి చేను చౌడు తేలుతోంది, దిగుబడి ఏటేటా పడిపోతోంది. లీజుకి ఇచ్చెయ్యమంటున్నారు, వరి కౌలు కంటే చాలా ఎక్కువ ఇస్తామంటున్నారు. ఇచ్చెయ్యమంటారా? మీ ఎకనామిక్స్ ఏం చెబుతుంది? — రైతు, ఆకివీడు దగ్గర

ముందుగా ఒక మాటండి. మీరు అత్యాశకి పోతున్నట్టు ఉత్తరంలో రెండుచోట్ల మిమ్మల్ని మీరే నిందించుకున్నారు. అది వద్దు. చెరువు తవ్విన మొదటి రైతు తన ఇష్టంతో తవ్వాడు, ఇరవయ్యో రైతు ఇష్టంతో ఇవ్వడు, పక్క చెరువుల ఊట అతన్ని తోసేస్తుంది. మీ విషయంలో జరుగుతున్నది అదే. మీ చేను నష్టం ఆ చెరువుల ఖర్చులో భాగం, వాళ్లు కట్టకుండా వదిలేసిన బిల్లు మీ గడప దగ్గరికి వచ్చింది.

1960లో రొనాల్డ్ కోస్ అనే ఆయన, హక్కులు స్పష్టంగా ఉండి, మాట్లాడుకోవడానికి ఖర్చు లేకపోతే పక్కపక్కవాళ్లు బేరమాడుకుని ఇలాంటివి తేల్చుకుంటారని రాశాడు. క్లాసులో చక్కగా ఉంటుంది. మీ ఊళ్లో ఇరవై చెరువులు, ఏ చెరువు ఊట మీ చేలోకి వచ్చిందో ఎవరూ రుజువు చెయ్యలేరు, లీజుదారు ఒకరు, భూమి ఆసామి ఇంకొకరు. వీళ్లందరితో మీరొక్కరు బేరం ఎలా ఆడతారు? కోస్ కూడా బేరానికయ్యే ఖర్చు అసలు సంగతి అనే చెప్పాడు, ఆ సగం పాఠం చాలామంది చెప్పరు.

రొయ్యల విషయంలో ఈ బిల్లుని ఒకసారి దేశమంతా చూసింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వెర్రి మన కోస్తా అంతా పట్టుకుంది, 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులు పోయాయి, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద నడిచిన జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ లెక్క కట్టి ఇచ్చిన నివేదిక ఆ తీర్పులో ఉంది: రొయ్యల అమ్మకం మీద వచ్చే రాబడి కంటే నీటికి, నేలకి, జనం బతుకులకి జరిగే నష్టమే ఎక్కువని. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక కోర్టు తీర్పులో లాభనష్టాల పట్టిక చూడటం నాకు అదే మొదటిసారి, మన సబ్జెక్టు పుస్తకాల్లోంచి బయటకి వచ్చి నిలబడినట్టు అనిపించింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో 2020లో ఆక్వా అథారిటీ చట్టం వచ్చింది. వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చాక చెరువులు మళ్లీ పెరిగాయి, అది మీరు రోజూ చూస్తున్నదే.

ఇప్పుడు మీ రెండెకరాలు. ఇచ్చెయ్యమనో వద్దనో చెప్పే హక్కు నాకు లేదు, అప్పు మీది, ఇల్లు మీది. మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చానని రాశారు. అంటే ఏడాదికి 24 శాతం. చక్రవడ్డీతో వేసుకుంటే పదేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయలు ఇవాళ మీకు 12 రూపాయల కంటే తక్కువే. అదే బ్యాంకులో 3 శాతానికి దొరికితే 74. నేల పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్న ఆలోచన మీకు లేక కాదు, మీ వడ్డీ ఆ ఆలోచనని చిన్నది చేసేస్తోంది. పర్యావరణం మీద పెద్ద పెద్ద వాదనలన్నీ చివరికి ఈ వడ్డీ దగ్గరే ఆగుతాయండి. వాతావరణ మార్పు మీద 2006లో నికొలస్ స్టెర్న్ ఇచ్చిన రిపోర్టుకీ, విలియం నార్డ్‌హౌస్ లెక్కలకీ అంత తేడా రావడానికి పెద్ద కారణం రేపటి రూపాయిని ఏ రేటుకి ఇవాళ్టికి తెచ్చారు అన్నదే. కాబట్టి మీకు నా మొదటి సలహా భూమి గురించి కాదు, ఆ అప్పుని ఎలాగైనా బ్యాంకుకో సొసైటీకో మార్చుకోండి. ఆ తర్వాత ఆలోచిస్తే మీకే వేరేగా తోస్తుంది.

రెండోది, రుజువు పోగు చెయ్యండి. చెరువు గట్టు పక్క మట్టి, చేను నడిమధ్య మట్టి విడివిడిగా తీసి భూసార పరీక్షకి ఇవ్వండి, ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చూపే అంకె) ఎంతుందో రాయించుకోండి. వరికి మట్టిలో ఈసీ 3 దాటాక దిగుబడి తగ్గడం మొదలై, అక్కణ్నుంచి ఒక్కో యూనిట్‌కి సుమారు 12 శాతం చొప్పున పడుతుందన్నది ప్రపంచమంతా వాడే లెక్క. అయితే అది తడిమట్టి ముద్ద నుంచి పిండిన నీటిలో కొలిచే పద్ధతికి. మన ల్యాబుల్లో మట్టిలో రెండింతలో అంతకంటే కాస్త ఎక్కువో నీళ్లు కలిపి కొలుస్తారు, అంకె తక్కువగా వస్తుంది, కాబట్టి ఏ పద్ధతో తప్పకుండా అడగండి. గత ఐదేళ్లు ఎకరానికి ఎన్ని బస్తాలయిందో తేదీలతో రాయండి. మీ పక్కన ఇంకా వరి వేస్తున్నవాళ్లు ఎంతమంది ఉంటే అంతమంది కలిసి తహసీల్దారుకీ మత్స్యశాఖకీ ఒకే అర్జీ పెట్టండి, చెరువుకీ చేనుకీ మధ్య ఊట కాలువ తవ్వి దాన్ని మురుగు కాలువలో కలపాలని అడగండి.

మూడోది, ఇవ్వక తప్పదనుకుంటే కాగితం మీద ఇది రాయించండి: లీజు అయ్యాక గట్లు పడగొట్టి, చదును చేసి ఇవ్వాలి, దానికయ్యే డబ్బు ముందే డిపాజిట్ కట్టాలి. తిరిగి వెనక్కి రాలేని పనికి మామూలు లాభనష్టాల మీద ఇంకో ధర అదనంగా ఉంటుందని కెన్నెత్ ఆరో, ఆంథొనీ ఫిషర్ 1974లో నిరూపించారు. చేను చెరువు చెయ్యడం ఒక నెల పని, చెరువుని మళ్లీ చేను చెయ్యడం ఎంత కష్టమో కొల్లేరు అంచున అడిగితే చెబుతారు. ఆ అదనపు ధర లీజు సొమ్ములో ఎవరూ కలపరు. మీరే అడిగి పుచ్చుకోవాలి.

ప్రశ్న: మడ అడవికి కోట్లలో విలువ కట్టారని పేపర్లో చదివి బాధ కలిగింది. అమ్మకి ధర కడతామా? ఇది తప్పు కాదా? — ఉపాధ్యాయుడు, తాళ్లరేవు

మాస్టారూ, మీ బాధ నాకు అర్థమైంది, నేనూ ఒకప్పుడు ఆ బాధ పడ్డాను. కానీ విలువ కట్టకపోతే దానికి ధర లేకుండా ఉండదు, సున్నా అని పడుతుంది. రోడ్డుకో జెట్టీకో ఫ్యాక్టరీకో ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు సిమెంటు ధర ఉంటుంది, ఇనుము ధర ఉంటుంది, కొట్టేసే మడచెట్టు దగ్గర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కూడికలో సున్నాగానే చూస్తారు. 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం 1978 నుంచి కాగితం మీద రక్షణలో ఉంది కాబట్టి సరిపోయింది, దాని బయట ఉన్న మడకి ఎవరు దిక్కు?

విలువ అంటే అమ్మకం ధర కాదండి. సౌదామిని దాస్ అనే ఆర్థికవేత్త 1999 అక్టోబరు 29 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ తీసుకుని, కేంద్రపడ జిల్లాలో వందలాది గ్రామాల్లో ఏ ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత వెడల్పు మడ ఉంది, ఆ ఊళ్లో ఎంతమంది చనిపోయారు అన్నది పక్కపక్కన పెట్టి చూసింది. ఊరి ఎత్తు, సముద్రం ఎంత దూరం, జనం ఎంతమంది, అన్నీ లెక్కలోకి తీసుకుంది. మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువ. జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి 2009లో అచ్చు వేసింది. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ప్రభుత్వం ముందుగా ఇచ్చిన హెచ్చరిక మడ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా ఆవిడ దాచకుండా రాసింది. మడని ప్రేమించేవాళ్లు రాయడానికి వెనకాడే మాట అది.

మన దగ్గర 1996 నవంబరు 6న కోనసీమ మీద పడిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. సుప్రీంకోర్టు రొయ్యల తీర్పు వచ్చింది సరిగ్గా దానికి ఐదు వారాల తర్వాత. ఆ ఐదు వారాలూ నేను ఊళ్లమీదే ఉన్నాను. కూలిన ఇల్లు తిరిగి కట్టిన ఖర్చు జాతీయాదాయంలో కలుస్తుంది, దేశం పెరిగినట్టే కనిపిస్తుంది. కాపు మీదున్న కొబ్బరితోట పోవడం అందులోంచి తీసివెయ్యరు. నాటిన మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు ఆగాలన్నది ఆ పట్టికలో ఏ గడిలోనూ లేదు.

ఇక తప్పు గురించి అడిగారు కాబట్టి, నా తప్పు ఒకటి చెబుతాను. తర్వాత కొన్నేళ్లకి తాళ్లరేవు పక్కనే ఒక రేవులో సర్వే చేస్తున్నాం. ఎండాకాలం, పదకొండు గంటలప్పుడు, పట్టా పరిచి రొయ్యపప్పు ఎండబోస్తున్నారు. నా చేతిలో పద్ధెనిమిది ప్రశ్నల ఫారం. ‘మడ అడవి కాపాడటానికి నెలకి మీరెంత ఇవ్వగలరు?’ అన్నది పదహారో ప్రశ్న. ప్రపంచమంతా అలాగే అడుగుతారు, 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికాక ఆరో, రాబర్ట్ సోలో లాంటి పెద్దలు కూర్చుని 1993లో ఈ పద్ధతికి నియమాలు కూడా రాశారు, ఎంత ఇస్తారనే అడగమన్నారు. చేపల బుట్ట పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, చేతులు ఆపకుండా, తల కూడా ఎత్తకుండా అంది: “మేవిచ్చేదేటమ్మా. మా రేవు మాకు లేకుండా చేసినోళ్లు ఎంతిత్తారో అది రాసుకో.”

ఫారం మడిచేశాను. ఎంత ఇస్తావు అని అడిగితే, ఆ మడ ఎవరిదో వేరేవాళ్లది అయినట్టు, ఈవిడ కొనుక్కోవాల్సినట్టు. పోగొట్టుకోవడానికి ఎంత పుచ్చుకుంటావు అని అడిగితే, ఆ మడ ఈవిడది అయినట్టు. మొదటి ప్రశ్నకి జవాబు ఆవిడ కొంగున ఉన్న డబ్బుని మించి రాదు, రెండోదానికి అలాంటి హద్దు లేదు. రెండు అంకెల మధ్య చాలా తేడా ఉంటుందని పుస్తకాల్లో చదివి పరీక్షలో కూడా రాశాను, కానీ హక్కు ఎవరిదని నేనే ముందు తేల్చేసి ఆ తర్వాత ప్రశ్న అడుగుతున్నానని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి నా విద్యార్థులు ఏ ఫారం తయారుచేసినా, అచ్చుకి ఇచ్చే ముందు ఆ ప్రశ్న ఎవరిదగ్గర హక్కు ఉందనుకుని అడుగుతోందో పక్కన రాయమంటాను. మీ పేపర్లో కోట్లు చూసినప్పుడు మీరూ అదే అడగండి.

ప్రశ్న: పులస వేలకి వేలు పలుకుతోంది. ధర పెరిగితే తినేవాళ్లు తగ్గుతారు, చేప బతుకుతుంది కదా? — ఆత్రేయపురం పాఠకుడు

కొబ్బరికాయకి ధర పెరిగితే రైతు తోట పెంచుతాడు. పులసకి తోట లేదు, ఆసామి లేడు. వరదనీటికి ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుంది, బ్యారేజీ దాటి పైకి పోలేదు, ఈలోగా ఎవరి వలలో పడితే వాళ్లది. ధర పెరిగిన కొద్దీ ఇంకో పడవ దిగుతుంది, నేను వదిలేస్తే పక్కవాడు పడతాడు అన్న ఆలోచన అందరికీ వస్తుంది, చివరికి చేపా తగ్గుతుంది, ఒక్కో పడవకి మిగిలేదీ తగ్గుతుంది. స్కాట్ గోర్డన్ 1954లో ఇదే రాశాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత ఉన్నచోట ధర ఎంత పెరిగినా కొనేవాడు ఉంటాడు, కాబట్టి ధర మీద ఆశ పెట్టుకోవద్దు. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలంలో, అక్టోబరు ప్రాంతంలో, 22 రోజులు వేట ఆపి, ఆ రోజులకి జాలర్లకి బియ్యం ఇస్తారు. మనకి సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం, దానికి భృతి ఉన్నాయి. నదిలోకి ఎక్కే పులసకి అలాంటి ఏర్పాటు కావాలని నా గట్టి అభిప్రాయం, భృతి లేకుండా నిషేధం పెడితే మాత్రం నేనే వ్యతిరేకిస్తాను.

ప్రశ్న: మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పర్యావరణ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అంటోందండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తిండి పెడుతుందా? — ఒక తండ్రి, తణుకు

అయ్యా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఐదారేళ్లు పడుతుంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, మీ అమ్మాయి ఇప్పుడు తెచ్చే జీతంతో పోల్చవద్దు. యూనివర్సిటీల్లో పర్మనెంటు పోస్టులు తక్కువ, కాంట్రాక్టు మీద ఏళ్లు గడిచిపోయినవాళ్లు నా శిష్యుల్లోనే ఉన్నారు, వాళ్ల గురించి తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. మరోపక్క, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది, పరిశోధన సంస్థలున్నాయి. దేశ ఆదాయం లెక్కల్లో నీళ్లు, అడవులు, నేల కలపాలని పార్థ దాస్‌గుప్తా కమిటీ 2013లో మన ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చింది, 2018 నుంచి కేంద్ర గణాంక శాఖ పర్యావరణ లెక్కలు విడిగా అచ్చు వేస్తోంది. ఆ పనికి డేటా తెలిసినవాళ్లు కావాలి, సాఫ్ట్‌వేర్‌లో ఆవిడ నేర్చుకున్నది వృథా పోదు. ఉద్యోగం ఇప్పుడే మానెయ్యకుండా ముందు ఎమ్మే, నెట్ పరీక్ష సంగతి చూసుకోమనండి. జేఆర్‌ఎఫ్ వచ్చిన రోజు మాత్రం ఆపకండి. మా నాన్న నన్ను వాల్తేరు బండి ఎక్కించిన ఏడాది మా దాళ్వా ఎండిపోయింది. ఆయన టెన్షన్ ఎంతో నాకు అప్పుడు తెలియలేదు, మీ ఉత్తరం చదివాక ఇప్పుడు తెలిసింది.

ప్రశ్న: రిటైర్ అయ్యాక ఏం చేస్తున్నారు మేడమ్? ఇంకా పరిశోధన చేస్తారా? — పాఠకురాలు, మండపేట

చేస్తున్నానండి, చిన్నదే. డెల్టాలో నలభై యాభై ఏళ్లుగా శివారు ఊళ్లలో ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయి, కౌలు ఎంత, మురుగు ఎన్ని రోజులు నిలిచింది, కొబ్బరి దింపు ఎంత, ఇవి ఊరువారీగా ఏ ఆఫీసులోనూ వరుసగా దొరకవు. మండలం లెక్క దొరుకుతుంది, అందులో తల చేనూ చివరి చేనూ కలిసిపోయి సగటు వచ్చేస్తుంది, చివరి చేను కనబడదు. కానీ మన ఇళ్లలో అటక మీద పద్దు పుస్తకాలు ఉంటాయి. తాతగారు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్న కళ్లం లెక్క, కూలీల పేర్లు, వడ్డీ, ‘ఈ రాత్రి నీళ్లు రాలేదు’ అన్న ఒక్క ముక్క, అదంతా నాకు బంగారం. ఇప్పటికి పదకొండు పుస్తకాలు చేరాయి, ఒకదానికి చెదలు పట్టి సగం పోయింది. మీ ఇంట్లో ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి, పోస్టులో పంపకండి, పోతాయి. ఊరి పేరు రాసి పత్రిక చిరునామాకి ఒక కార్డు వెయ్యండి చాలు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోగా బయల్దేరి నేనే వస్తాను, మీ ఇంట్లోనే కూర్చుని ఫోటోలు తీసుకుని పుస్తకం మీ చేతికే ఇచ్చి వెళ్తాను.